గాలి తీసిన వలపటి టైరు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో కొత్తగా టైర్ల దుకాణం పెట్టిన ఇద్దరు భాగస్తులు మొన్న మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళే, పనికి మాత్రం కొత్త. "కాకా, ట్రాలీకి ఏ టైరు వెయ్యాలె, పాత టైరు ఎట్ల ఏరాలె, గివన్నీ జర రాసియ్యరాదు? నీ అంత అనుభవం ఈ ఊర్ల ఇంకెవరికున్నది" అన్నారు. పొగిడితే ఎవరికి చేదు? నేనూ సరేనన్నాను.

తీరా రాయడానికి కూర్చుంటే టైరు ఏరే విద్య అర పేజీలో అయిపోయింది. మిగిలిన పేజీల్లో రాయవలసింది నాకు ఒక్కటే కనిపించింది. అది ఎడపల్లి సాయిలు బండికి నేను వేసిన టైర్ల సంగతి. మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. అది దాచుకుని మిగతాదంతా రాస్తే పెద్దమనిషి రాసినట్టే ఉంటుంది గానీ, అబద్ధం రాసినట్టు అవుతుంది. అందుకని ముందు ఆ అర పేజీ రాస్తాను, తర్వాత నా సిగ్గు రాస్తాను.

పాత టైరు కొనేటప్పుడు రోడ్డును తాకే భాగం చూసి మురిసిపోకండి, పక్కలు చూడండి. పైన అరిగిన టైరు ఇంకా కొన్నాళ్ళు నడుస్తుంది. పక్కన సన్నటి పగుళ్ళు పడ్డ టైరు ఎంత మందంగా ఉన్నా ఎప్పుడు పోతుందో తెలియదు. ట్రాలీలు, బండ్లు సీజన్ అయిపోయాక నెలల తరబడి ఎండలో పడి ఉంటాయి, ఆ పగుళ్ళు అక్కడే వస్తాయి. నల్లరంగు పూసి మెరిపించిన టైరును గోటితో గీకి చూడకుండా కొనొద్దు. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడమండి, అతుకు వేసిన చోటు వేళ్ళకు తెలుస్తుంది. బరువెంత వేస్తావని అడగండి, చెప్పినదానికి సగం కలపండి. చెరుకు మోసేవాడు ఎప్పుడూ తక్కువే చెప్తాడు. ఇక జోడు. రెండు టైర్ల మీద నంబరు ఒకటే ఉంటే జోడు అయిపోదు. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, పైన కట్టె అడ్డం పెట్టి ఎత్తు చూడండి. ఎత్తు కలవకపోతే ఇంకోటి వెతకండి. అంతేగానీ గాలితో సరిచెయ్యకండి.

ఈ చివరి మాట నాకు ఎలా తెలిసిందన్నదే మిగతా కథ.

ఖాదర్ సాబ్ పద్ధతి

యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో నేను నిజామాబాద్‌లో ఖాదర్ సాబ్ టైర్ల దుకాణంలో చేరాను. మెట్రిక్ తప్పినవాణ్ణే అయినా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదవగలను. టైరు మీద రాసి ఉన్నదంతా గడగడా చదివేసి, దుకాణంలో నాకంటే తెలివైనవాడు లేడనుకునేవాణ్ణి. సాబ్‌కు ఇంగ్లీషు రాదు. వాళ్ళ తాతలు గుర్రపు బగ్గీలకు గిర్రలు, అంటే చక్రాలు, చేసేవారట. ఆయన కూడా వయసులో ఉన్నప్పుడు టాంగా గిర్రలకు రబ్బరు పట్టీలు ఎక్కించి, ఆ తర్వాత లారీ టైర్లలోకి వచ్చాడు.

అప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చుట్టుపక్కల చెరుకు బండ్లు మారుతున్నాయి. కట్టె గిర్రలు పోయి రబ్బరు టైర్లు వస్తున్నాయి. లారీల కింద కొంత అరిగిన టైర్లను మేము ఏరి, బాగుచేసి, ఎడ్లబండ్లకు వేసేవాళ్ళం. ఒక ఇరుసు, రెండు టైర్లు, రెండు ఎడ్లు, పైన రెండు టన్నుల చెరుకు. లారీకైతే ఆరు టైర్లు ఉంటాయి, ఒకటి కాస్త తేడా ఉన్నా మిగతావి సర్దుకుంటాయి. బండికి అలా సర్దుకునేది ఎద్దు మెడ ఒక్కటే.

సాబ్ ఎడ్లను చూడకుండా టైర్లు ఇచ్చేవాడు కాదు. రైతు ఒక్కడే వస్తే "ఎడ్లేవి?" అని అడిగేవాడు. ఊర్లో ఉన్నాయంటే "అయితే పోయి తోలుకరా" అనేవాడు. తోలుకొస్తే రెంటి మెడలూ నిమిరి, ఎత్తులు చూసి, అప్పుడు లోపలికి వచ్చి టైర్లు ఏరేవాడు. బజారులో నవ్వేవాళ్ళు. "సాబ్ టైర్లు ఎడ్లకు తొడుగుతడట" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఒకసారి నేనూ ఉండబట్టలేక అడిగాను.

"అరే భాయ్, లారీకి తకలీఫ్ అయితే డ్రైవర్ మొత్తుకుంటడు. గీ జానవర్‌కు జబాన్ లేదు. దాని తరఫున మనమే మాట్లాడాలె" అన్నాడు.

"టైరు మీద నంబరు ఉన్నది గద సాబ్."

"నంబరు కంపెనీ ఏసింది. కంపెనీ ఎడపల్లి సడక్ సూసిందా?"

ఇంకో పద్ధతి కూడా ఉండేది. దుకాణం ముందు చదునైన గచ్చు ఉండేది. టైర్లు వేశాక బండిని దాని మీద నిలబెట్టి, ఇసుక బస్తాలు నిండా ఎక్కించి, ఇరుసు మీద ఒక చిన్న మందు సీసా అడ్డంగా పడుకోబెట్టేవాడు. సీసాలో నీళ్ళు, నీళ్ళలో ఒక గాలి బుడగ. బుడగ సరిగ్గా నడిమికి వచ్చి నిలిస్తే రెండు పక్కలా ఎత్తు సమానమన్నమాట. ఒక పక్కకు పోతే టైర్లు విప్పాల్సిందే. బండి వాలిన పక్కనున్న ఎద్దు మెడ మీదే కాడి బరువంతా పడుతుందని సాబ్ చెప్పేవాడు. ఇసుక బస్తాలు ఎత్తేది మేము, కాబట్టి మాకు ఇదంతా చాదస్తంలా ఉండేది.

అటక మీది జోడు

కొన్నేళ్ళకు ఒక చెరుకు సీజన్ మొదట్లో సాబ్ కంటి ఆపరేషన్‌కని హైదరాబాద్ వెళ్ళాడు. పోతూ పోతూ దుకాణం నాకు అప్పగించి "ఇసుక మర్వకు" అన్నాడు. మంచివాడవు, నమ్మకస్తుడవు అని ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటే అన్నాడు.

ఆ వారంలోనే ఎడపల్లి నుంచి సాయిలు వచ్చాడు. సొంత బండి, సొంత ఎడ్లు. సీజనంతా ఫ్యాక్టరీకి చెరుకు తోలి బతికేవాడు. సాబ్ పద్ధతి తెలిసినవాడు కాబట్టి ఎడ్లను కట్టుకునే వచ్చాడు. భార్య లసుమవ్వ కూడా బండిలో కూర్చుని వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెకు పేరుంది. ఆవు ఈనలేకపోయినా, దూడ మేత ముట్టకపోయినా ఆమెనే పిలుచుకుపోయేవారు.

"మా ఇంట్ల డాక్టరు ఈమెనే అన్న. నాకు జెరమొస్తె సూడది గని, ఎద్దు దగ్గితె లేసి కూసుంటది" అని సాయిలు ఆటపట్టించాడు.

ఆమె నవ్వి, కుడిపక్క కట్టిన ఎద్దు గంగడోలు నిమిరింది. కుడివైపుదాన్ని వలపటి ఎద్దు అంటారు. "గీ వలపటిది మెత్తటిదన్న. కొట్టకున్నా గుంజుతది. దీనికి మంచిగ సూసి వెయ్యి" అంది.

దుకాణం అటక మీద అప్పుడు ఒక మంచి జోడు ఉంది. ఒకే లారీ కింద ఒకేలా అరిగిన రెండు టైర్లు, గోనెసంచి కప్పి పెట్టాను. ఎడపల్లిలోనే పెద్ద కమతం ఉన్న నాగేశ్వరరావు గారు ఒకసారి దుకాణంలో కూర్చున్నప్పుడు "మంచి జత తగిలితే మా బండికి ఉంచవయ్యా" అన్నారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవారు, నాలుగైదు బండ్లవారు. బయానా ఇవ్వలేదు, వస్తానని రోజు చెప్పలేదు. మాటవరసకు అన్నారు, అంతే. సాబ్ తిరిగొచ్చేసరికి అంత పెద్ద గిరాకీని నేను పట్టానని చూపించుకోవాలని నా ఆరాటం.

సాయిలుకు వేరే రెండు తీశాను. నంబరు ఒకటే. ఒకటి అరిగింది, ఇంకోదానికి పైన కొత్త రబ్బరు పోయించారు, అది రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. ఆ ఎత్తుది వలపటి పక్కన వేశాను. సీసా పెడితే బుడగ ఎత్తుగా ఉన్న ఆ పక్కకే పోయింది. నేను అటక వైపు చూశాను. చూసి, కిందికి వంగి, వలపటి టైరు వాల్వు పిన్ను నొక్కి గాలి తీశాను. బుడగ మెల్లగా నడిమికి వచ్చింది. ఇసుక బస్తాలు ఎక్కించలేదు.

"గాలెందుకు తీస్తున్నవన్న?" అని అడిగింది లసుమవ్వ.

"గదానికి లెక్క ఉంటది చెల్లె. నీకు సమజ్ కాదు" అన్నాను. సాయిలు వైపు తిరిగి, "లెక్క ప్రకారం పెట్టిన. గాలి ఎవ్వరిని ముట్టనియ్యకు" అని కూడా చెప్పాను.

ఖాళీ బండి మీద బుడగ నడిమిలోనే ఉంటుంది. చెరుకు ఎక్కగానే గాలి తక్కువున్న టైరు నలిగి కుంగుతుంది, బండి ఆ పక్కకు వాలుతుంది. నాకు ఇది తెలియదని ఎవరైనా అనుకుంటారేమో. బాగా తెలుసు. ఎడ్లు బలంగా ఉన్నాయి, మోస్తాయిలే అనుకున్నాను. సీసా పెట్టేది నా పని సరిగ్గా ఉందో లేదో చూడడానికి. నేను పని వదిలేసి సీసాను సరిచేశాను.

యార్డులో

మూడు వారాల తర్వాత ఫ్యాక్టరీ బండ్ల యార్డులో పని పడి బోధన్ వెళ్ళాను. తూకం కోసం బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆ వరసలో ఒక బండి కుడిపక్కకు వాలి ఉంది. దూరం నుంచే తెలిసిపోయింది ఎవరిదో. వేరే దారిన పోదామనుకున్నాను గానీ సాయిలు చూసేశాడు.

"మంచిగొచ్చినవ్ అన్న. నీ తాన్కే వద్దామనుకుంటున్న. గిట్ల సూడు" అని వలపటి ఎద్దు దగ్గరికి తీసుకుపోయాడు. మెడ మీద అరచేతంత మేర తోలు ఊడి ఎర్రగా ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ఎద్దు మాత్రం కదలకుండా నిలబడి ఉంది. "గీ పక్క టైరు మెత్తగున్నట్టు కొడ్తున్నదన్న. నువ్వు ముట్టొద్దంటివని గాలి కొట్టియ్యలే. గదేమన్న కావచ్చునా?"

అక్షరాలా జవాబు వాడే చెప్పాడు. నేను ఊఁ అంటే చాలు. కానీ చుట్టూ పదిమంది బండ్లవాళ్ళు నిలబడి వింటున్నారు, అందరూ మా దుకాణానికి వచ్చేవాళ్ళే.

"టైరు మంచిగనే ఉన్నది. పుండుకు ఏం పూస్తున్నవ్?" అన్నాను.

"మా ఆమె వేపనూనెల పసుపు కాచి పూస్తున్నది."

"గదే మరి. కాచిన నూనెతోని తోలు మెత్తవడ్డది. మెత్తవడ్డంక కాడి రాసుకుంటె ఊడదా? ముందు గా మందు ఆపు."

పశువుల వైద్యం నాకు ఓనమాలు కూడా తెలియదు. ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో, ఎంత సాఫీగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎవరో వెనకనుంచి "నిజమే, కావచ్చు" అన్నారు. సాయిలు ముఖంలో కారణం దొరికిందన్న నెమ్మది కనిపించింది. బండిలోంచి మంచి చెరుకుగడ ఒకటి లాగి, ముక్క కోసి నా చేతికిచ్చాడు. నేను దాన్ని అక్కడే నిలబడి తిన్నాను.

మందు ఆపారు. ఫ్యాక్టరీ ఇచ్చిన చెరుకు పర్మిట్ పోతుందని బండి మాత్రం ఆపలేదు. పది రోజులకు ఎడపల్లి దగ్గర కాలువ వంతెన ఎక్కుతుంటే వలపటి ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ సరిగా లేవలేదు. నాలుగో రోజుకు చనిపోయింది. ఒంటి ఎద్దుతో బండి నడవదు, కాబట్టి సాయిలు ఆ ఏడు మిగతా సీజనంతా వేరేవాళ్ళ పొలాల్లో చెరుకు కోసే కూలికి పోయాడు. ఇదంతా ఒక బండ్లాయన దుకాణానికి వచ్చి చెప్పాడు.

నాగేశ్వరరావు గారు ఆ సీజన్‌లో ట్రాక్టరు కొన్నారు. బండి టైర్ల కోసం రానే లేదు. ఆ మంచి జోడు వానాకాలం వచ్చేదాకా అటక మీదే ఉంది. నేను రోజూ దాని కిందే కూర్చుని అన్నం తిన్నాను.

సాబ్‌కు చెప్పిన మాట

సాబ్ తిరిగొచ్చాక ఎవరో చెప్పగా విని, నన్ను పిలిచి అడిగాడు. ఆయన ముందు మాత్రం అబద్ధం ఆడలేకపోయాను. జోడు సంగతి, గాలి సంగతి, ఇసుక సంగతి చెప్పేశాను. యార్డులో నేనన్న మాట ఒక్కటి మింగేశాను. తిడతాడనుకున్నాను. నల్లద్దాలు తీసి, ఆ నీళ్ళు కారే కంటిని తుడుచుకుని, సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి చూశాడు.

"నీకు టైర్లు దొరకక గాదు, సిగ్గు లేక జేసినవ్" అన్నాడు. "ఎడపల్లికి పో. గా మనిషి కండ్లల్లకు సూసి చెప్పు. ఇప్పుడే పో."

బోధన్ బస్సెక్కి ఎడపల్లిలో దిగాను. హోటల్‌లో చాయ్ తాగాను. సాయిలు ఇంటికి దారి కూడా అడిగాను. ఆ సందు మొదట్లో దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి, మళ్ళీ బస్సెక్కాను.

"చెప్పినవా?" అన్నాడు సాబ్.

"చెప్పిన సాబ్."

"ఏమన్నడు?"

"ఏమనలే సాబ్."

"పెద్ద దిల్ ఉన్న మనిషి" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎన్నడూ ఎత్తి నన్ను దెప్పలేదు. దెప్పినా బాగుండేది. కొత్త గిరాకీలకు నన్ను చూపించి, "మావోడు తప్పు జేస్తె పోయి ముంగటనే ఒప్పుకునే మనిషి" అని గొప్పగా చెప్పేవాడు. నేను తల వంచుకుంటే అది వినయం అనుకునేవారు. సాబ్ ఆ నమ్మకంతోనే పోయాడు. ఆ తర్వాత దుకాణం నా చేతికి ఎలా వచ్చింది, ఎంత పెద్దదైంది అన్నవి ఇక్కడ రాయను. అవి మీకు నేర్పేదేమీ లేదు.

కొట్టం ముందు

పదేళ్ళు దాటింది. పంతొమ్మిదివందల డెబ్భైలలోకి వచ్చాం. బండ్లు తగ్గి ట్రాక్టరు ట్రాలీలు పెరిగాయి. ఒక రోజు నాగేశ్వరరావు గారి ట్రాలీ టైరు పొలంలోనే పగిలిందని కబురొస్తే ఎడపల్లి వెళ్ళాను. "నువ్వే రావాలని పట్టుబట్టానయ్యా, నీ చేతి మీదుగా వేస్తే నాకు నిశ్చింత" అన్నారాయన. పని ముగించుకుని రోడ్డు మీదికి వస్తుంటే ఎదురుగా సాయిలు. తల నెరిసింది, నడుము కొంచెం వంగింది, అయినా నన్ను గుర్తుపట్టాడు.

"మా ఇంటి ముంగటికెల్లి పోతా, చాయ్ తాగకుంట పోతవా అన్న?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

ఇంటికి పోయేసరికి పశువుల కొట్టంలో ఒక ఆవు ఈనలేక తన్నుకుంటోంది. పొద్దుటినుంచీ అలాగే ఉందట. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని ఉన్నారు. బోధన్‌కు డాక్టరు కోసం మనిషి పోయాడు, ఇంకా రాలేదు. లసుమవ్వ కొట్టం గడప బయట నిలబడి ఉంది. ఆవు అరిచినప్పుడల్లా ఆమె చేతులు ముందుకు వస్తున్నాయి, మళ్ళీ వెనక్కి పోతున్నాయి.

"చెల్లె ఉన్నది గద సాయిలూ. లోపలికి పోరాదు?" అన్నాను.

వాడు మామూలుగానే చెప్పాడు. గొంతులో ఏ కోపమూ లేదు. "ఆమె పసులను ముట్టదన్న. గా ఎద్దు పోయినప్పటిసంది నన్ను గన్న మా అవ్వ గామెను కొట్టం గడప తొక్కనియ్యలే. ఊర్ల గూడ ఎవ్వరు పిలుస్తలేరు. ఆమె మందుతోనే పోయిందని నువ్వే కనిపెడ్తివి గద."

అన్నేళ్ళూ నేను ఒక ఎద్దును చంపాననుకున్నాను. రాత్రుళ్ళు నిద్ర పట్టనప్పుడు ఎద్దు మెడే గుర్తొచ్చేది. ఈమె నాకు ఒక్కనాడూ గుర్తుకు రాలేదు. ఆమె దగ్గరున్న విద్య, ఆమెకున్న పేరు, రెండూ నా ఒక్క మాటతో పోయాయి. నేను ఆ మాట అని, చెరుకు తిని వచ్చేశాను. ఎడపల్లిలో అందరికీ తెలిసిన ఈ సంగతి నాకు తెలియకపోవడానికి కారణం కూడా నేనే, ఆ రోజు సందు మొదటి నుంచి వెనక్కి తిరిగాను కాబట్టి.

"చెల్లె మందుతోని కాదు సాయిలూ. నా టైరుతోని పోయింది" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నిలబడే అంతా చెప్పాను. అటక మీద మంచి జోడు ఉందని, పెద్ద గిరాకీ కోసం దాచానని, ఎత్తు తేడా ఉంటే గాలి తీసి సీసాను మోసం చేశానని, యార్డులో పదిమంది ముందు పరువు పోతుందని మందు మీదికి నెట్టానని చెప్పాను. కొట్టంలో మగవాళ్ళిద్దరూ నావైపే చూస్తున్నారు. సాయిలు మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"నేనడిగితి గద, టైరు మెత్తగున్నదని."

"అడిగినవ్."

"గామె గూడ అడిగె, గాలెందుకు తీస్తున్నవని."

"అడిగింది."

"మరి గా మంచి జోడు ఎవరికిచ్చినవ్?"

"ఎవ్వరికియ్యలే. గా సీజనంత అటక మీదనే ఉండె" అన్నాను. ఆ జవాబు కన్నా ఎవరికో ఇచ్చానని చెప్పడమే తేలిక. వాడు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

లసుమవ్వ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. "మా అత్త గీ మాట ఇనకుంటనే పాయె" అంది. నా వైపు తిరిగింది. "మల్లొక్కపారి చెప్పన్న. గట్టిగ చెప్పు. గోడ అవతల మా తోటికోడలున్నది."

నేను మళ్ళీ చెప్పాను. వీధి దాకా వినిపించేలా, మొదటినుంచి చివరిదాకా, ఏదీ మింగకుండా చెప్పాను. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పొయ్యమంది. సాయిలు ఇంకా చేతుల్లోంచి ముఖం ఎత్తలేదు. గోలెంలో చెంబు ముంచి నేనే పోశాను. మోచేతుల దాకా కడుక్కుంది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత కాలు లోపల పెట్టింది.